శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎంత దూరం? ఎంతసేపు?

విమానం ఎక్కినవాళ్లు మన వసతి గృహంలో ఎవరూ లేకపోవచ్చు. కానీ విమానం ఎంత దూరం వెళుతుంది, ఎన్ని గంటలు పడుతుంది, దిగేసరికి అక్కడి గడియారంలో ఎంత అవుతుంది అనే లెక్క చేయడానికి విమానం ఎక్కనవసరం లేదు. ఒక గ్లోబు, ఒక దారం, మన సాంఘికశాస్త్రం, గణితం పుస్తకాలు ఉంటే చాలు. పదో తరగతి చదువుతున్న మేము కొందరం స్టడీ అవర్‌లో కూర్చుని చేసిన లెక్కలనే ఈ వ్యాసంలో వివరిస్తున్నాం.

ఉదాహరణకు రెండు దూరపు విమానాశ్రయాలను తీసుకున్నాం. ఒకటి అమెరికా పశ్చిమ తీరంలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాన్‌ఫ్రాన్సిస్కో. రెండవది మన పొరుగు రాష్ట్రంలోని బెంగళూరు. ఈ రెండింటినే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. 2021 జనవరి 9న ఎయిర్ ఇండియా విమానం ఒకటి శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరి, మధ్యలో ఎక్కడా దిగకుండా, ఉత్తర ధ్రువ ప్రాంతం మీదుగా బెంగళూరు చేరింది. ఆ బోయింగ్ 777 విమానాన్ని నడిపినవారు నలుగురూ మహిళలే. కెప్టెన్ జోయా అగర్వాల్, కెప్టెన్ పాపగారి తన్మయి, కెప్టెన్ ఆకాంక్ష సోనావరే, కెప్టెన్ శివానీ మన్హాస్ వారి పేర్లు. అమెరికా నుంచి ఇండియాకు రావడానికి ఉత్తర ధ్రువం వైపు ఎందుకు వెళ్లాలి? ఈ ప్రశ్నతోనే మన పాఠం మొదలవుతుంది.

పటం చూపే దారి

తరగతి గదిలో గోడకు వేలాడే ప్రపంచ పటం చూడండి. అమెరికా ఎడమ పక్కన, మన దేశం కుడి పక్కన ఉంటాయి. శాన్‌ఫ్రాన్సిస్కో మీద స్కేలు ఒక చివర, బెంగళూరు మీద రెండో చివర పెట్టి గీత గీస్తే అది అమెరికా, అట్లాంటిక్ మహాసముద్రం, సహారా ఎడారి, అరేబియా సముద్రం మీదుగా వస్తుంది. ఎవరికైనా ఇదే దగ్గరి దారి అనిపిస్తుంది. కానీ మెర్కేటర్ పటం మీద గీసిన ఈ గీత వెంట నిజంగా ప్రయాణిస్తే సుమారు 20,000 కి.మీ. అవుతుంది.

భూమి చుట్టుకొలత సుమారు 40,030 కి.మీ. కాబట్టి భూమి మీద ఏ రెండు ఊళ్లయినా ఒకదానికొకటి సుమారు 20,000 కి.మీ. కంటే ఎక్కువ దూరంలో ఉండలేవు. అంటే పటం మీది గీత మనల్ని దాదాపు సగం భూగోళం చుట్టిస్తోందన్నమాట.

దీనికి కారణం ఏమిటి? భూమి గుండ్రంగా ఉంది, కాగితం చదునుగా ఉంది. బత్తాయి తొక్కను ఒలిచి బల్ల మీద చదును చేయబోతే అది చీలుతుంది. చీలకుండా చదును చేయాలంటే అంచులను సాగదీయాలి. మెర్కేటర్ పటంలో జరిగింది అదే. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ దూరాలు సాగిపోతాయి. ధ్రువం అయితే ఆ పటంలో అసలు కనిపించదు. దగ్గరి దారి ఉన్న చోటే పటంలో లేనప్పుడు, ఆ దారి మనకు ఎలా కనిపిస్తుంది?

గ్లోబు, దారం

ఇప్పుడు గ్లోబు తీసుకోండి. దారం ఒక చివరను శాన్‌ఫ్రాన్సిస్కో మీద వేలితో నొక్కి పట్టుకోండి. రెండో చివరను బెంగళూరు వైపు లాగి, ఎక్కడా సడలకుండా బిగించండి. దారం పసిఫిక్ ఉత్తర అంచు నుంచి అలాస్కా, రష్యాలోని సైబీరియా, చైనా, టిబెట్, నేపాల్ మీదుగా కిందికి దిగి వస్తుంది. ఇదే అతి దగ్గరి దారి. భూగోళాన్ని సరిగ్గా రెండు సమాన భాగాలు చేసే వృత్తాన్ని మహావృత్తం అంటారు. భూమధ్యరేఖ ఒక మహావృత్తం. రెండు స్థలాల మధ్య అతి తక్కువ దూరం ఎప్పుడూ ఆ రెండింటి గుండా పోయే మహావృత్తం వెంటనే ఉంటుంది. బిగించిన దారం దానంతట అదే ఆ దారిని పట్టుకుంటుంది.

గ్లోబు వ్యాసం 30 సెం.మీ. అనుకుందాం. దాని చుట్టుకొలత 30 × 3.14 = 94.2 సెం.మీ. ఈ 94.2 సెం.మీ. నిజమైన 40,030 కి.మీ.కి సమానం. కాబట్టి 1 సెం.మీ. అంటే సుమారు 425 కి.మీ. దారాన్ని స్కేలు మీద పెట్టి కొలిస్తే దాదాపు 33 సెం.మీ. వస్తుంది. 33 × 425 = 14,025 కి.మీ. పటం చెప్పిన 20,000 ఎక్కడ, దారం చెప్పిన 14,000 ఎక్కడ!

త్రికోణమితితో లెక్క

దారం కొలతలో కొంచెం అటూ ఇటూ కావచ్చు. కచ్చితంగా కావాలంటే త్రికోణమితి సాయం తీసుకోవాలి. రెండు విమానాశ్రయాల స్థానాలు ఇవి:

శాన్‌ఫ్రాన్సిస్కో: 37.6° ఉత్తర అక్షాంశం, 122.4° పశ్చిమ రేఖాంశం.
బెంగళూరు: 13.2° ఉత్తర అక్షాంశం, 77.7° తూర్పు రేఖాంశం.

ముందుగా రేఖాంశాల తేడా చూద్దాం. ఒకటి పశ్చిమం, మరొకటి తూర్పు కాబట్టి రెండింటినీ కూడాలి. 122.4 + 77.7 = 200.1°. ఇది 180° దాటింది. అంటే రెండో వైపు నుంచి వెళితే దగ్గర. 360 – 200.1 = 159.9°.

సూత్రం ఇది: కాస్ (కోణ దూరం) = (మొదటి అక్షాంశం సైన్ × రెండవ అక్షాంశం సైన్) + (మొదటి అక్షాంశం కాస్ × రెండవ అక్షాంశం కాస్ × రేఖాంశాల తేడా కాస్).

విలువలు ప్రతిక్షేపిస్తే:
మొదటి భాగం: 0.2284 × 0.6101 = 0.1393
రెండవ భాగం: 0.9736 × 0.7923 × (–0.9391) = –0.7244
మొత్తం: –0.5851

90° దాటిన కోణాలకు కాస్ విలువ రుణాత్మకంగా ఉంటుందని ఇంటర్మీడియట్‌లో చదువుకుంటాం. సైన్ పట్టికలో 0.5851 ఎదురుగా 35.8° ఉంటుంది. కాబట్టి కోణ దూరం 90 + 35.8 = 125.8°. భూకేంద్రం వద్ద ఒక డిగ్రీకి ఉపరితలం మీద 40,030 ÷ 360 = 111.2 కి.మీ. వస్తుంది. 125.8 × 111.2 = సుమారు 13,990 కి.మీ.

2021లో ఆ విమానం బయలుదేరినప్పుడు రెండు నగరాల మధ్య నేరు దూరం 13,993 కి.మీ. అని పత్రికలు రాశాయి. మన కాగితం మీది లెక్కకూ దానికీ తేడా మూడు కిలోమీటర్లు మాత్రమే. పరీక్షలో మార్కుల కోసం చదివిన సైన్, కాస్‌లు ఇంత పని చేస్తాయన్నమాట.

ధ్రువం మీదుగా అయితే ఎంత?

దీనికి త్రికోణమితి కూడా అక్కరలేదు. తీసివేత, గుణకారం వస్తే చాలు. ఉత్తర ధ్రువం 90° దగ్గర ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ధ్రువానికి 90 – 37.6 = 52.4°. ధ్రువం నుంచి బెంగళూరుకు 90 – 13.2 = 76.8°. మొత్తం 129.2°. దీన్ని 111.2తో గుణిస్తే సుమారు 14,370 కి.మీ.

అతి దగ్గరి దారి కంటే ఇది 380 కి.మీ. మాత్రమే ఎక్కువ. ఎందుకంటే ఈ రెండు నగరాలు భూగోళానికి దాదాపు ఎదురెదురు పక్కల ఉన్నాయి. బెంగళూరు రేఖాంశానికి సరిగ్గా ఎదురుగా ఉండే రేఖాంశం 180 – 77.7 = 102.3° పశ్చిమం. శాన్‌ఫ్రాన్సిస్కో దానికి 20° దూరంలోనే ఉంది. రెండు ఊళ్లు సరిగ్గా ఎదురెదురు రేఖాంశాల మీద ఉత్తరార్ధగోళంలో ఉంటే, వాటి మధ్య దగ్గరి దారి ధ్రువం మీదుగానే ఉంటుంది.

దగ్గరి దారిని వదిలి వేరే దారి ఎందుకు?

380 కి.మీ. అయినా ఎక్కువే కదా, దారం చూపిన దారిలోనే రావచ్చు కదా అని అడగవచ్చు. దీనికి చాలా కారణాలున్నాయి.

మొదటిది టిబెట్ పీఠభూమి. దాని సగటు ఎత్తు 4,500 మీటర్లకు పైనే. విమానం 10 నుంచి 12 కి.మీ. ఎత్తులో ఎగురుతుంది. అక్కడ గాలి చాలా పలచన. అందుకే విమానం లోపల గాలి పీడనాన్ని యంత్రాలతో నిలుపుతారు. ఏదైనా లోపం వల్ల ఆ పీడనం పడిపోతే, ప్రయాణికులు మామూలుగా ఊపిరి పీల్చుకోగలిగే సుమారు 3 కి.మీ. ఎత్తుకు విమానం వెంటనే దిగాలి. టిబెట్ మీద అలా దిగడానికి చోటు లేదు. కింద నేలే అంతకంటే ఎత్తులో ఉంది.

రెండవది, అత్యవసరంగా దిగడానికి విమానాశ్రయాలు. సుదూర విమానాల దారి గీసేటప్పుడు, ఏ క్షణంలోనైనా నిర్ణీత సమయంలో చేరగలిగే విమానాశ్రయం ఒకటి ఉండేలా చూస్తారు. ధ్రువ ప్రాంతంలో అలాంటివి తక్కువ. అందుకే ఆ దారిలో వెళ్లే పైలట్లకు ప్రత్యేక శిక్షణ ఉంటుంది. అక్కడ అయస్కాంత దిక్సూచిని నమ్ముకోలేరు. ఇంధనం చలికి గడ్డకట్టకుండా దాని ఉష్ణోగ్రతను కనిపెడుతూ ఉండాలి. సుదూర విమానాలలో ఎక్కువగా వాడే జెట్ ఇంధనం –47 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది.

మూడవది దేశాల అనుమతి. ఆకాశానికీ సరిహద్దులున్నాయి. 2019 ఫిబ్రవరి నుంచి జులై వరకు పాకిస్థాన్ తన గగనతలాన్ని మూసినప్పుడు, మన దేశం నుంచి పడమరకు వెళ్లే విమానాలు చుట్టుతిరిగి వెళ్లాయి. 2025 ఏప్రిల్‌లో భారత విమానాలకు మళ్లీ ఆ దారి మూసుకుపోయింది. రెండు దేశాలు తగవు పడితే ప్రయాణికుడికి గంటలు పెరుగుతాయి.

నాలుగవది గాలి. దీని గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

దూరం ఎక్కువ, సమయం తక్కువ!

సుమారు 10 కి.మీ. ఎత్తులో పడమర నుంచి తూర్పుకు బలమైన గాలులు నదిలా ప్రవహిస్తుంటాయి. వీటిని జెట్ ప్రవాహాలు అంటారు. వీటి వేగం గంటకు 100 కి.మీ. దాటుతుంది, చలికాలంలో ఒక్కోసారి 300 కి.మీ. కూడా దాటుతుంది. గోదావరిలో వాలున పోయే పడవకూ, ఏటికి ఎదురు పోయే పడవకూ ఎంత తేడా ఉంటుందో ఇక్కడా అంతే.

లెక్క వేసి చూద్దాం. విమానం గాలిలో గంటకు 900 కి.మీ. వేగంతో పోతుందనుకోండి. గాలి లేకపోతే 13,990 కి.మీ.కి 15 గంటల 30 నిమిషాలు పడుతుంది. దారంతా గంటకు 80 కి.మీ. ఎదురుగాలి ఉంటే వేగం 820కి తగ్గి 17 గంటలు దాటుతుంది. అదే గాలి వెనుక నుంచి తోస్తే వేగం 980 అయి 14 గంటల 20 నిమిషాలు సరిపోతుంది. అదే దూరం, అదే విమానం. తేడా దాదాపు 3 గంటలు.

దీనికి ఒక గొప్ప ఉదాహరణ ఉంది. ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానం మొదట్లో అట్లాంటిక్ మీదుగా, అంటే పడమరగా వెళ్లేది. ఆ దారి సుమారు 13,900 కి.మీ. 2016 అక్టోబరులో దాన్ని తూర్పుగా, పసిఫిక్ మీదుగా నడిపారు. దూరం 15,300 కి.మీ.కి పెరిగింది. కానీ వెనుకగాలి సాయంతో 14 గంటల 30 నిమిషాల్లో చేరింది. 1,400 కి.మీ. ఎక్కువ తిరిగి, సుమారు 2 గంటలు ముందుగా దిగింది! కాబట్టి 'దగ్గరి దారి', 'త్వరగా చేరే దారి' ఎప్పుడూ ఒకటే కాదు.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కదా, విమానం ఆకాశంలో కదలకుండా నిలిస్తే ఊరే కిందికి రాదా? రాదు. భూమితో పాటు దాని చుట్టూ ఉన్న గాలి కూడా తిరుగుతోంది. ఆ గాలిలోనే విమానం ఉంది. నడుస్తున్న రైలు పెట్టెలో పైకి ఎగిరితే మళ్లీ అక్కడే దిగుతాం కదా, ఇదీ అంతే.

ఆదివారం ఎక్కడికి పోయింది?

ఇక గడియారం లెక్క. ఆ విమానం కాలపట్టిక ప్రకారం శాన్‌ఫ్రాన్సిస్కోలో శనివారం రాత్రి 8.30కి బయలుదేరి, బెంగళూరులో సోమవారం తెల్లవారుజామున 3.45కి దిగాలి. వేళ్లు మడిచి లెక్కపెడితే 31 గంటల 15 నిమిషాలు వస్తుంది. కానీ విమానం అంతసేపు ఎగరలేదు.

భూమి 24 గంటల్లో 360° తిరుగుతుంది. అంటే ఒక డిగ్రీకి 4 నిమిషాలు. మన ప్రామాణిక కాలాన్ని 82½° తూర్పు రేఖాంశం ఆధారంగా లెక్కిస్తారు. ఈ రేఖ మన కాకినాడకు దగ్గరగా పోతుంది. 82½ × 4 = 330 నిమిషాలు. కాబట్టి మనం గ్రీనిచ్ కంటే 5 గంటల 30 నిమిషాలు ముందున్నాం. కాలిఫోర్నియా ప్రామాణిక రేఖాంశం 120° పశ్చిమం. 120 × 4 = 480 నిమిషాలు. వాళ్లు గ్రీనిచ్ కంటే 8 గంటలు వెనుక. రెండింటి మధ్య తేడా 13 గంటల 30 నిమిషాలు.

31.15 నుంచి 13.30 తీసేస్తే 17 గంటల 45 నిమిషాలు. ఇదే అసలు ప్రయాణ సమయం. విమానాశ్రయంలో రన్‌వే దాకా సాగడం, దిగాక ఆగేచోటుకు చేరడం కూడా ఇందులోనే ఉన్నాయి. వాళ్లు బయలుదేరినప్పుడు మనకు ఆదివారం ఉదయం 10 గంటలైంది. కాబట్టి ఆదివారం ఎక్కడికీ పోలేదు, ఆకాశంలో గడిచింది. వేసవిలో అమెరికావారు గడియారాలను ఒక గంట ముందుకు జరుపుతారు. అప్పుడు తేడా 12 గంటల 30 నిమిషాలే.

మన ఇళ్లకు ఈ లెక్క ఎందుకు?

మనలో చాలామంది ఇళ్ల నుంచి నాన్నలు, అన్నలు, అక్కలు, చిన్నమ్మలు గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లారు. టికెట్ ఇంట్లోకి రాగానే చదువుకునే పిల్లలమని మన చేతికే ఇస్తారు. అందుకే మూడు సంగతులు గుర్తుంచుకోవాలి.

1. టికెట్ మీద బయలుదేరే సమయం బయలుదేరే ఊరిది, దిగే సమయం దిగే ఊరిది. శంషాబాద్ నుంచి దుబాయ్ నేరుగా సుమారు 2,550 కి.మీ. దుబాయ్ మనకంటే గంటన్నర వెనుక. ఉదయం 10కి బయలుదేరి 4 గంటలు ఎగిరితే అక్కడ మధ్యాహ్నం 12.30 అవుతుంది. టికెట్ చూసినవారికి రెండున్నర గంటల ప్రయాణమే అనిపిస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు అక్కడ 10కి బయలుదేరి మూడున్నర గంటలు ఎగిరినా ఇక్కడ 3 అవుతుంది. అప్పుడు ఐదు గంటలు అనిపిస్తుంది.

2. సౌదీ అరేబియా, కువైట్, ఖతార్, బహ్రెయిన్ మనకంటే రెండున్నర గంటలు వెనుక. ఒమన్, దుబాయ్ గంటన్నర వెనుక.

3. అన్నిటికంటే ముఖ్యమైనది తేదీ. విమాన టికెట్లలో రోజు అర్ధరాత్రికి మారుతుంది, మన ఇళ్లలోలాగా తెల్లవారితే కాదు. '15వ తేదీ 00.40' అని ఉంటే అది 14వ తేదీ పడుకునే రాత్రి. విదేశీ ప్రయాణానికి మూడు గంటల ముందు విమానాశ్రయంలో ఉండాలి కాబట్టి 14వ తేదీ రాత్రి 9.40కే శంషాబాద్‌లో ఉండాలి. జగిత్యాల, సిరిసిల్ల వంటి చోట్ల నుంచి వచ్చేవారు 14వ తేదీ మధ్యాహ్నానికే బస్సు ఎక్కాలి. 15వ తేదీ అని ఉంది కదా అని ఆ రోజు పగలు బయలుదేరితే విమానం అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది. అప్పు చేసి కొన్న టికెట్ కాగితం ముక్క అవుతుంది. ఇంట్లో టికెట్ చదవగలిగిన ఒక్కరున్నా ఆ నష్టం తప్పుతుంది.

మీరూ చేయండి

1. శంషాబాద్ 17.2° ఉత్తర అక్షాంశం, ఢిల్లీ 28.6° ఉత్తర అక్షాంశం. రెండూ దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి. మధ్య దూరం ఎంత?
2. బెంగళూరులో చలికాలంలో మధ్యాహ్నం 2.30కి బయలుదేరిన విమానం 16 గంటల్లో శాన్‌ఫ్రాన్సిస్కో చేరితే అక్కడ సమయం ఎంత?
3. ఖతార్‌లో నాన్నకు సాయంత్రం 6కి పని అయిపోతుంది. ఇక్కడ మనం ఎన్ని గంటల తర్వాత ఫోన్ చేయాలి?

జవాబులు: 1. 11.4 × 111.2 = సుమారు 1,268 కి.మీ. 2. అదే రోజు సాయంత్రం 5 గంటలు. 3. రాత్రి 8.30 తర్వాత.

ఈ రోజుల్లో ఫోనులో రెండు ఊళ్ల పేర్లు కొడితే దూరం, సమయం క్షణంలో వస్తాయి. రానివ్వండి, మంచిదే. కానీ ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసినవారు అది తప్పయితే పట్టుకోగలరు, ఇంట్లోవాళ్లకు విడమరచి చెప్పగలరు. అక్షాంశాలు, రేఖాంశాలు, సైన్, కాస్ పరీక్ష అయ్యాక మరచిపోయే పాఠాలు కావు. ధ్రువం మీదుగా విమానం నడిపిన ఆ నలుగురు అక్కలు కూడా ఈ పాఠాల మెట్లు ఎక్కినవారే. మిత్రులారా, ఈసారి గ్లోబు దగ్గరికి వెళ్లినప్పుడు జేబులో ఒక దారం ముక్క పెట్టుకుని వెళ్లండి.